ఇంట్లో ఎంతమందండీ?

మండవల్లి ఏసోబు గారు హోటల్లో భోంచేస్తే టిప్పుగా చేపనిస్తారు.

చేప అంటే చేప బొమ్మున్న కీచైను కాదు, ఎండు చేప అంతకన్నా కాదు. ఆ పొద్దున్నే చెరువులోంచి తీసి, ఐసులో పెట్టి, మొప్పల్లోంచి తాడు దూర్చి ముడేసిన అసలు సిసలు చేప. బిల్లు ఎంతయిందో ఆయన చూడరు. నూటికి పది ఇవ్వాలా, మిగిలిన చిల్లర వదిలేస్తే సరిపోతుందా, పక్క టేబులాయన ఎంత పెట్టాడు అని మనలాగా మథనపడరు. చెయ్యి కడుక్కొచ్చి, వడ్డించిన మనిషిని దగ్గరికి పిలిచి ఒక్కటే ప్రశ్న అడుగుతారు.

"ఇంట్లో ఎంతమందండీ?"

జవాబుని బట్టి చేప. ముగ్గురంటే కేజీ, ఆరుగురంటే రెండు కేజీలు, ఆ పైన అయితే రెండు చేపలు.

ఓస్ ఇంతేనా, మంచి పద్ధతే కదా అంటారా? కాస్త ఆగండి. ఆయన ప్రతి గురువారం భోంచేసేది ఏలూరు పవర్‌పేటలోని సత్యవాణీ విలాస్‌లో. ఆ హోటలు బోర్డు మీద పేరుకన్నా పెద్ద అక్షరాలతో "శుద్ధ శాకాహారం" అని రాసి ఉంటుంది. కోడిగుడ్డు తిన్న కాకి ఆ బోర్డు మీద వాలడానికి మొహమాటపడుతుంది.

హోటలు విశ్వనాథ్ గారిది. సత్యవాణి ఆయన భార్య. వంటగది ఆవిడది, గల్లాపెట్టె ఆయనది. వండేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు కలిపి పదకొండుమంది పనివాళ్ళు. విశ్వనాథ్ గారికి పుట్టుకతో వచ్చిన గుణం ఒకటుంది, ఉలిక్కిపడడం. కుక్కరు కూతేసినా ఉలిక్కిపడతారు, కూతెయ్యకపోయినా ఉలిక్కిపడతారు. ఉలిక్కిపడ్డప్పుడల్లా సత్యవాణి గారు ఒక గ్లాసు పల్చటి మజ్జిగ తెచ్చి చేతిలో పెడతారు. ఏసోబు గారు పరిచయమైన ఈ మూడేళ్ళలో ఆయన తాగిన మజ్జిగ పోస్తే కొల్లేరు ఒక అడుగు పెరుగుతుంది.

ఆ మొదటి చేప వచ్చిన గురువారాన్ని విశ్వనాథ్ గారు ఈ జన్మలో మర్చిపోరు. మధ్యాహ్నం ఒంటిగంట, హాలు నిండుగా ఉంది. మూల టేబులు దగ్గర రిటైర్డు లెక్చరరు చలపతిరావు గారు పెరుగన్నంలోకి వచ్చారు. ఇంకో టేబులు దగ్గర అరవై ఏళ్ళ పొడుగాటి మనిషి ఒకాయన, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, సుబ్బరంగా భోంచేసి వీర్రాజుని పిలిచాడు. వీర్రాజు ఆ హోటల్లో ఇరవై రెండేళ్ళుగా వడ్డిస్తున్న మనిషి.

"ఇంట్లో ఎంతమందండీ?"

వీర్రాజు కంగారుపడ్డాడు. రేషను కార్డుల వాళ్ళేమో అనుకున్నాడు పాపం. "ఆరుగురమండి. కార్డులో ఉన్నవాళ్ళందరూ బతికే ఉన్నారండి."

"చల్లగా ఉండాలండి," అని ఆ మనిషి బయటికి వెళ్ళి, నిమిషంలో తిరిగొచ్చాడు. కుడిచేతికి తాడు. తాడుకి చేప. ఆ చేప తోక మీంచి ఐసునీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతుండగా గుమ్మంలోంచి హాలు నడుమగా, పప్పూ నెయ్యీ కలుపుకుంటున్న జనం మధ్యలోంచి పెళ్ళికొడుకులా నడిచొచ్చాడు. వచ్చి, దాన్ని వీర్రాజు ఎడంచేతిలో పెట్టాడు. కుడిచేతిలో అప్పటికే సాంబారు బకెట్టు ఉంది. ఏ క్షణాన ఏది దేంట్లో పడుతుందో తెలీని పరిస్థితి.

విశ్వనాథ్ గారి పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏవండీ! ఏవండీ ఏవండీ! ఏంటండీ అది?"

"బొచ్చె అండి."

"బొచ్చె అని నాకూ తెలుసండీ!" నిజానికి ఆయనకి తెలీదు. "ఇది శుద్ధ శాకాహార హోటలండీ!"

"తెలుసండి. అందుకే కొర్రమీను తేలేదండి. అది ఐసులో పెట్టినా గంతులేస్తాది. బొచ్చె బుద్ధిమంతురాలండి, అల్లరి చెయ్యదు."

చలపతిరావు గారు ఎత్తిన పెరుగన్నం ముద్ద ఆకుకీ నోటికీ మధ్య ఆగిపోయింది. అది ఎంతసేపు ఆగిందంటే పెరుగు మోచేతి దాకా కారింది. వంటగది గుమ్మంలోకి వచ్చిన సత్యవాణి గారు మాత్రం కొంగు నోటికి అడ్డంపెట్టుకుని నవ్వుతూ, మజ్జిగ గ్లాసు తెచ్చి భర్త చేతిలో పెట్టారు. ఆ రోజు ఆయన మూడు గ్లాసులు తాగారు.

తర్వాత తెలిసింది, ఏసోబు గారు కొల్లేటి చెరువుల్లో ముప్పై ఏళ్ళు వల మేస్త్రీగా చేసి, ఇప్పుడు సొంతంగా రెండు చెరువులు చేసుకుంటున్నారని. గురువారం గురువారం మేతకీ మందులకీ ఏలూరు వస్తారు. "మరి మా హోటలుకెందుకండీ, ఊరంతా చేపల పులుసు దొరుకుతుంది కదా?" అని విశ్వనాథ్ గారు ఆశగా అడిగితే, "వారమంతా చేపల మొహాలే చూస్తానండి. ఒక్క పూటన్నా ముద్దపప్పు మొహం చూడాలి కదండీ," అన్నారు. దానికెవరు మాత్రం ఏం చెప్తారు?

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. చేప గుమ్మం దాటి లోపలికి రాకూడదు. బియ్యం బస్తాలు దిగే వెనక సందులో వ్యాను పెట్టుకుని అక్కడే ఇచ్చుకోవాలి. ఏసోబు గారు వెంటనే ఒప్పుకున్నారు. అప్పట్నించీ గురువారం మధ్యాహ్నం ఆ సందులో పిల్లులు కూడా పెందరాళే వచ్చి కూర్చునేవి.

"ఏసోబు గారూ, అందరిలాగా ఇరవయ్యో యాభయ్యో చేతిలో పెట్టచ్చు కదండీ?" అని విశ్వనాథ్ గారు ఎన్నిసార్లు బతిమాలారో లెక్కలేదు.

ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా ఏసోబు గారు గల్లాపెట్టె వంక ఒకసారి చూసి, తువ్వాలు సర్దుకుని, "డబ్బులొద్దులెండి. మాకదే అలవాటండి," అనేవారు. "మా చెరువుల మీద చేపల పట్టుబడి రోజున వల లాగినోళ్ళందరికీ కూలి కాక కూర చేప ఇస్తామండి. కూలి డబ్బులు దార్లో ఎటన్నా పోతాయి. కూర చేప మాత్రం సాయంత్రానికి ఇంటికెళ్ళి తీరాలండి. వల లాగినోడికిచ్చినప్పుడు అన్నం పెట్టినోడికివ్వద్దాండి?"

"మనిషికి స్క్రూ లూజు," అని విశ్వనాథ్ గారు తేల్చేశారు.

"లూజు ఆయనకేనంటారా?" అని సత్యవాణి గారు గల్లాపెట్టె మీదున్న నెయ్యి డబ్బా వంక చూశారు. భర్త గమనించలేదు.

ఆ డబ్బా గురించి చెప్పాలి. అది విశ్వనాథ్ గారికి గర్వకారణం. ఐదు కేజీల పాత నెయ్యి డబ్బా, మూతకి చీలిక, చీలిక పక్కన తాళం. ఏ టేబులు మీద ఏ టిప్పు వచ్చినా వడ్డించినవాడు తెచ్చి అందులో వెయ్యాలి. ఒకడికి వంద, ఒకడికి పది వస్తే మనసులో పెట్టుకుంటారని ఆయన పెట్టిన ఏర్పాటు. నెలాఖరుకి పగిలిన గ్లాసుల ఖరీదు మినహాయించి, మిగిలింది అందరికీ సమానంగా పంచాలి. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. గ్లాసులు మాత్రం ఏం ఖర్మో, ప్రతి నెలా డబ్బాలో ఎంతుంటే అంతకే పగిలేవి.

ఇదిలా ఉండగా గోపీచంద్ కథ మొదలైంది. గోపీచంద్ అక్కడ కాఫీలందించే ముప్పై ఏళ్ళ బ్రహ్మచారి. వీర్రాజుకి రెండు కేజీల చేప రావడం చూశాడు. తనవంతు వచ్చేసరికి, నోట్లో నాలుక తనంతట తనే కదిలినట్టు, "ఎనిమిది మందిమండి," అనేశాడు.

"అబ్బో! పిల్లలెంతమందండీ?"

"ఆరుగురండి."

ఏసోబు గారు రెండు చేపలిచ్చి భుజం తట్టారు. అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. తర్వాతి గురువారం నుంచీ ఆయన పిల్లల క్షేమం అడగడం మొదలుపెట్టారు. పేర్లు అడిగారు. గోపీచంద్ చెమటలు తుడుచుకుంటూ పెద్దది మనస్వి, రెండోవాడు నాగసాయి అంటూ నోటికొచ్చినవి చెప్పాడు. ఏసోబు గారికి ఒకసారి విన్న పేరు మరుపుండదు. "మనస్వికి జొరం తగ్గిందాండి?" "నాగసాయి లెక్కల్లో ఎలా చదువుతున్నాడండి?" అని హాలు మధ్యలో అడిగేవారు. లేని పిల్లాడికి లెక్కలు రావడం లేదని గోపీచంద్ దిగులుగా చెప్పేవాడు. జూన్ నెలలో బళ్ళు తెరిచినప్పుడు మనస్వికని ఆయన ఒక పెన్సిలు బాక్సు కూడా తెచ్చిచ్చారు. అది చూసి విశ్వనాథ్ గారు ఉలిక్కిపడి చేతిలోని కాఫీ గ్లాసు పగలగొట్టారు. డబ్బా లెక్కలో మాత్రం అది గోపీచంద్ పేరున పడింది.

తాడేపల్లిగూడెం సంగతైతే ఇంకా ఘోరం. విశ్వనాథ్ గారు ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్ళాల్సి వచ్చి, అటే వెళ్తున్న ఏసోబు గారి వ్యానెక్కారు. ఆ ఒక్క పొరపాటు చేశారాయన. మధ్యాహ్నం ఒక ఏసీ హోటల్లోకి వెళ్ళారు. కోటేసుకున్న మనిషి తలుపు తీశాడు, చేతితొడుగుల మనిషి వడ్డించాడు. చివర్లో బిల్లు తోలు అట్టలో వచ్చింది.

ఏసోబు గారు దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివారు. "సర్వీసు చార్జి నూట నలభై అని రాసేరండి. ఇది ఎవరికెళ్తాదండి?"

"సర్వీసుకండి," అన్నాడు మేనేజరు.

"ఆ సర్వీసు గారిని ఓసారి పిలుస్తారాండి? ఇంట్లో ఎంతమందో అడుగుతాను."

"సర్వీసు అంటే మనిషి కాదండి, హోటలండి."

"మరి హోటలుకి పెళ్ళాం పిల్లలుంటారాండి?" అని, చేతితొడుగుల మనిషి వంక తిరిగారు ఏసోబు గారు. "మీ ఇంట్లో ఎంతమంది బాబూ?"

"వద్దు! చెప్పకు!" అని విశ్వనాథ్ గారు అరిచేలోపే ఆ మనిషి "నలుగురం సార్," అనేశాడు. ఐదు నిమిషాల్లో ఆ తెల్లటి చేతితొడుగులో ఒక శీలావతి చేప వేలాడుతోంది. పక్క టేబులు మీద కేకు కోస్తున్న పుట్టినరోజు బృందం కేకు వదిలేసి దాన్ని ఫోటోలు తీసుకుంది. విశ్వనాథ్ గారు బల్ల కింద జారవిడుచుకున్నది ఏమీ లేకపోయినా, ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు కిందే ఉండిపోయారు. అక్కడ మజ్జిగిచ్చేవాళ్ళు కూడా లేరు.

ఇన్ని అవమానాల్లోనూ ఆయన మనసులో ఎవరికీ చెప్పని ముల్లొకటి ఉండేది. ఏసోబు గారు వీర్రాజుని అడిగారు, గోపీచంద్‌ని అడిగారు, గిన్నెలు తోమే దీవెనని అడిగారు. మూడేళ్ళలో ఒక్కసారైనా తనని, ఆ హోటలు యజమానిని, "మీ ఇంట్లో ఎంతమందండీ?" అని అడగలేదు. తినేది కాదనుకోండి, ఇస్తే మూర్ఛపోయేవారే. అయినా అడగాలి కదా!

ఇంతలో హోటలు పరిస్థితి దిగజారింది. ఎడంపక్కనొక బిర్యానీ పాయింటు, కుడిపక్కనొక బిర్యానీ పాయింటు వెలిశాయి. జనం అటూ ఇటూ తిరిగిపోయేవారు తప్ప నడుమ ఆగేవారు కాదు. పనివాళ్ళలో నలుగురిని దసరాకి మాన్పించక తప్పదని విశ్వనాథ్ గారు తేల్చుకున్నారు. మోకాళ్ళ నొప్పుల వీర్రాజే మొదటివాడు. ఆ మాట చెప్పడానికి నోరు రాక రోజులు నెడుతున్నారు.

అప్పుడే తాడేపల్లిగూడెం నుంచి ప్రభావతి గారు ఫోన్ చేశారు. రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్. కూతురు హరిప్రియ పెళ్ళికి మూడు రోజుల భోజనాలు, పూటకి ఆరువందల మంది. మహా పట్టింపు మనిషి. ఆవకాయ జాడీ మూత జిడ్డుగా ఉందని ఒక హోటల్ని, వడ్డించేవాడు ఆవులించాడని ఇంకో హోటల్ని అప్పటికే కొట్టేశారు. "గురువారం మధ్యాహ్నం వచ్చి భోంచేస్తానండి. నచ్చితే ఆర్డరు మీకే," అన్నారు. ఆ ఆర్డరొస్తే ఏడాది దాకా ఎవర్నీ మాన్పించక్కర్లేదు.

గురువారం! విశ్వనాథ్ గారు ఉలిక్కిపడ్డారు. వెంటనే మండవల్లికి ఫోన్ చేశారు.

"ఏసోబు గారూ, ఈ గురువారం ఒక్కరోజు..."

"రావద్దంటారాండి?" అవతల గొంతు చిన్నబోయింది.

విశ్వనాథ్ గారికి మనసొప్పలేదు. "అబ్బే, రండి. చేప మాత్రం వద్దండి. పొలుసు కూడా కనపడకూడదండి. నలుగురి బతుకులండీ."

"మాటిచ్చేనండి. పొలుసు కూడా తేను."

గురువారం ఏసోబు గారు ఉతికిన చొక్కాతో, ఖాళీ చేతులతో వచ్చారు. వ్యానులో మాత్రం గోనెపట్టా కింద ఏదో ఎత్తుగా ఉంది. విశ్వనాథ్ గారు పరిగెత్తారు. "అదేంటండీ?"

"చేప కాదండి. మాటిచ్చేను కదండీ."

ఏసోబు గారు లోపలికి వచ్చేసరికి ఒకే ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. ప్రభావతి గారి ఎదురుగా. మామూలు రోజున అరవై కుర్చీల్లో నలభై ఖాళీ. దేవుడు కూడా గురువారాలు చూసి ఆడుకుంటాడు కాబోలు.

అయితే భోజనం సలక్షణంగా సాగింది. వీర్రాజు ఒక్కో పదార్థం రెండోసారి, మూడోసారి అడిగి మరీ వడ్డించాడు. ప్రభావతి గారు ముద్దపప్పు బావుందన్నారు. కందిపొడి ఇంకొంచెం అడిగి పెట్టించుకున్నారు. విశ్వనాథ్ గారు లోపల పెళ్ళి బాజాలు వింటున్నారు. ఆవిడ చెయ్యి కడుక్కొచ్చి, పర్సులోంచి ఐదువందల నోటు తీసి వీర్రాజు చేతిలో పెట్టారు. "ఇది మీకండి."

వీర్రాజు నోటు కళ్ళకద్దుకున్నాడు. మోకాళ్ళు పట్టుకుని పదకొండడుగులు నడిచి, దాన్ని నెయ్యి డబ్బా చీలికలోకి తోసేసి, మళ్ళీ పదకొండడుగులు వెనక్కి వచ్చాడు.

"అదేంటి? నేనిచ్చింది మీకు కదా?"

విశ్వనాథ్ గారు ఉత్సాహంగా ముందుకొచ్చి డబ్బా పద్ధతి, సమానత్వం, గ్లాసులు అన్నీ వివరించారు. ప్రభావతి గారు విని, వీర్రాజు వైపు తిరిగారు.

"పోయిన నెల మీ వాటా ఎంతొచ్చింది?"

వీర్రాజు నేలచూపులు చూశాడు. "గ్లాసులు పగిలేయండి."

"అంతకుముందు నెల?"

"అప్పుడూ గ్లాసులేనండి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నలభై ఏళ్ళు బళ్ళో పిల్లల్ని హడలెత్తించిన చూపు విశ్వనాథ్ గారి మీద ఒక క్షణం నిలిచింది. తర్వాత ఎదురుగా ఉన్న ఏసోబు గారి మీదికి మళ్ళింది. "మీరు ఎప్పుడూ వచ్చేవారిలా ఉన్నారు. మీరెంతిస్తారండీ?"

ఆవిడ వీపు వెనక విశ్వనాథ్ గారు చేతులూపారు, తలూపారు, దణ్ణం కూడా పెట్టారు. ఏసోబు గారికి చేప తేవడం మానెయ్యమంటే వచ్చు గానీ, అబద్ధం చెప్పమంటే రాదు.

"నేను డబ్బులివ్వనండి," అన్నారు. విశ్వనాథ్ గారు ఊపిరి పీల్చుకునేలోపే, "చేపనిస్తానండి."

మూల టేబులు దగ్గర చలపతిరావు గారి పెరుగన్నం ముద్ద మూడేళ్ళ తర్వాత మళ్ళీ గాలిలో ఆగింది.

"చేపా!" ప్రభావతి గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు. "ఇక్కడా?"

"ఎనక సందులోనండి. విశ్వనాథ్ గారు చాలా మంచోరండి, ఆయన్నేమీ అనకండి. లోపలికి ఒక్కరోజే తెచ్చేను, అది నా తప్పు. అసలు అంతకుముందు వారం, నేనొచ్చిన మొదటిరోజు, వీర్రాజు గారికి వంద రూపాయల నోటే ఇచ్చేనండి. ఆయన ఇలాగే నడిచెళ్ళి అందులో వేసేసేరు. గ్లాసుల సంగతి గిన్నెల కాడ దీవెనమ్మనడిగితే చెప్పిందండి. యజమానికి చెబుదామా అనిపించింది. కానీ పెద్దమనిషి, నలుగురిలో చిన్నబోతారు. ఆయన చెడ్డవాడై చేసింది కాదు, తెలీక చేసేరు. మరి డబ్బాలో పట్టనిది ఏముందా అని మండవల్లి దాకా ఆలోచించుకుంటా వెళ్ళేనండి." ఏసోబు గారు రెండు చేతులూ చాపి కొలత చూపించారు. "రెండు కేజీల బొచ్చె పట్టదండి."

ప్రభావతి గారే ముందు తేరుకున్నారు. "మరి మిమ్మల్ని పిచ్చివాడనుకోరూ?"

"అనుకుంటారండి. పిచ్చోడిచ్చేడని చేపకి ముళ్ళు పెరగవు కదండీ."

"ఇవాళ ఏదీ చేప?"

"ఇక్కడికి తేనని మాటిచ్చేనండి. అందుకని పొద్దున్నే ఎవరింటికి వాళ్ళింటికే వెళ్ళి ఇచ్చొచ్చేను. గోపీచంద్ గారింటికి కూడా వెళ్ళేనండి."

కాఫీ ట్రే ఒకటి ఫెళ్ళుమని కింద పడింది. గోపీచంద్ గాజుపెంకుల మధ్య కొయ్యబారిపోయాడు.

"కంగారుపడకండి బాబూ. మీ ఇల్లుగలావిడ సువర్ణ గారు అంతా చెప్పేరండి. గురువారం గురువారం చేప ఆవిడకిచ్చి వండించి, ఆవరణలో పిల్లలందరికీ పెడతారంట కదా మీరు. నేను కూర్చుని లెక్కపెట్టేను. మీతో కలిపి సరిగ్గా ఎనిమిది మందండి. మీరు అబద్ధం చెప్పలేదు. పేర్లే కొంచెం తేడా," అన్నారు ఏసోబు గారు. "ఆ పెన్సిలు బాక్సు కూడా ఒక పాప దగ్గర చూసేనండి."

ఇప్పటిదాకా విశ్వనాథ్ గారు ఎన్నోసార్లు ఉలిక్కిపడ్డారు గానీ, ఇలాంటిది ఇదే మొదలు. ఈసారి ఆయన ఎగిరిపడలేదు, అరవలేదు. గల్లాపెట్టె పట్టుకుని నిలబడిపోయారంతే. ఇన్నాళ్ళూ తను పిచ్చివాడనుకున్న మనిషి, తన పరువు కాపాడడానికి మూడేళ్ళు పిచ్చివాడిగా ఉండిపోయాడు! అలవాటు కొద్దీ చెయ్యి చాపారు. సత్యవాణి గారు వంటగది గుమ్మంలోంచి కదల్లేదు.

"ఇవాళ మజ్జిగ లేదండి. కాసేపు అలాగే ఉండండి," అన్నారావిడ.

కాసేపు అలాగే ఉన్నారు. ఆ తర్వాత మొలలోంచి తాళంచెవి తీశారు. మూత తెరిచి వీర్రాజుని పిలిచారు. "ఇదిగోనయ్యా, నీ ఐదువందలు. మిగతాది మీరందరూ పంచుకోండి." కింద పడ్డ గ్లాసుల వంక చూశారు. నోటిదాకా ఏదో వచ్చింది. మింగేశారు. "గ్లాసులన్నాక పగుల్తాయి." ఖాళీ డబ్బా తీసుకెళ్ళి భార్య చేతిలో పెట్టి, "నెయ్యి పోసుకోండి," అన్నారు.

ఆవిడ నవ్వి, డబ్బా అందుకుని, బదులుగా మజ్జిగ బకెట్టు ఆయన చేతికిచ్చారు. వడ్డించేవాళ్ళందరూ డబ్బాలోంచి వచ్చింది పంచుకునే సందడిలో ఉన్నారు, పంక్తిలో పదిమంది మజ్జిగ కోసం చూస్తున్నారు. విశ్వనాథ్ గారికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీని సమయం కూడా అది. గరిట పట్టుకుని తనే వరసగా వడ్డించుకుంటూ వచ్చారు. చలపతిరావు గారికి పోశారు. మజ్జిగ దాకా వచ్చి ఆగిపోయిన ఏసోబు గారికి పోశారు. కొంచెం బల్ల మీద కూడా పోశారు.

ప్రభావతి గారు లేచారు. "ఆర్డరు మీకేనండి. మూడు రోజులూ వీర్రాజు గారు మా పంక్తిలో ఉండాలి."

"ఉంటారండి!" అన్నారు విశ్వనాథ్ గారు. "వీర్రాజు ఎక్కడికీ వెళ్ళడండి. మా వాళ్ళెవరూ ఎక్కడికీ వెళ్ళరండి."

"ఏసోబు గారూ, మీరూ పెళ్ళికి రావాలి. కానీ..."

"పొలుసు కూడా తేనండి," అన్నారు ఏసోబు గారు.

ఆవిడ కారెక్కి వెళ్ళిపోయారు. ఏసోబు గారు మజ్జిగ ఆఖరి గుక్క తాగి, చెయ్యి కడుక్కొచ్చి, తువ్వాలుతో తుడుచుకున్నారు. ఎప్పటిలాగే, వడ్డించిన మనిషి కోసం చుట్టూ చూశారు. బకెట్టు పట్టుకున్న విశ్వనాథ్ గారి దగ్గరికి వచ్చి ఆగారు.

"ఇంట్లో ఎంతమందండీ?"

విశ్వనాథ్ గారు ఉలిక్కిపడ్డారు. మూడేళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న. జవాబు చాలా తేలిక, ఇద్దరే. నోరు తెరిచి, ఎందుకో వెనక్కి తిరిగి చూశారు. వీర్రాజు నోటు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటున్నాడు. దీవెన తడిచేతులు చీరకి తుడుచుకుంటోంది. గోపీచంద్ వంగుని గాజుపెంకులు ఏరుతున్నాడు. గుమ్మంలో సత్యవాణి గారు నెయ్యి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"పదమూడు మందిమండి," అన్నారు. "గోపీచంద్ పిల్లల్ని కలపకుండా."

ఏసోబు గారు కంగారుగా వ్యాను దగ్గరికి వెళ్ళి గోనెపట్టా తీశారు. చెరువు గట్టు మీద కోసిన అరటిగెల, మనిషంత ఎత్తుంది. దాన్ని భుజానికెత్తుకుని, ఈసారి ముందు గుమ్మంలోంచే లోపలికి తెచ్చి గల్లాపెట్టె మీద దించారు. వెనక్కి జరిగి, పళ్ళ వంకా మనుషుల వంకా చూసుకుని, తల గోక్కున్నారు.

"మీరు ఇద్దరే అంటారనుకున్నానండి. వచ్చే గురువారం ఇంకో గెల తెస్తాను."